పదకొండో పేజీలో పెన్సిల్

పర్లాకిమిడి కరెంటాఫీసులో
మూడో నంబరు కిటికీ నాది.
ఒంటిగంటకి "భోజన విరామం" పలక తిప్పి
క్యారియర్ గిన్నెకి పుస్తకం ఆనించుకుంటాను.

జలజాక్షమ్మ బడ్డీలో రోజుకి మూడు రూపాయలద్దె.
అట్ట మీద గొడుగు, పిల్లి, ఒక బేకరీ.
మొదటి అధ్యాయంలో ఎవరో పోతారు,
పాపం, ఎవరికీ పెద్దగా నచ్చని మనిషే.
రక్తం ఒక్క చుక్కకి మించదు.
రెండో అధ్యాయానికల్లా టీ కాచేస్తారు.

"ఇవి చదివితే ఏటొస్తాది?" అంటాడు
క్యాషియర్ త్రినాథ పాణిగ్రాహి.
"ఏటీ రాదు. అందుకే చదువుతున్నాను."

పొద్దున్నుంచీ నేను చూసేవి యూనిట్లు, బకాయిలు,
కోసేసిన లైన్లు, కొయ్యొద్దని దణ్ణాలు.
మధ్యాహ్నం ఓ అరగంట
తప్పు చేసినవాడు తప్పకుండా దొరికే ఊరొకటి నాక్కావాలి.
అలిగి వెళ్ళిన పిల్ల వానలో తడిసి తిరిగొస్తే
తువ్వాలు పట్టుకుని గుమ్మంలో ఎవరో ఒకరు నిలబడాలి.

అలా చదువుతుండగానే ఒకరోజు
పదకొండో పేజీ అంచున, పెన్సిల్‌తో, చీమల్లాంటి అక్షరాలు:
"తోటమాలి కాదు। ఊరికే అనుమానపడకు।"

హంతకుడెవరో చెప్పెయ్యలేదు, చూశారా.
మొదటి పేజీలోనే పేరు రాసి గుండ్రం చుట్టే
పాపిష్టివాళ్ళు నాకు తెలుసు.
ఇది ఆ చెయ్యి కాదు.
చీకట్లో ఇక్కడో మెట్టుందని చెప్పే చెయ్యి.

తర్వాతి పుస్తకంలో, వంటామె ఏడ్చే చోట:
"ఇక్కడ నాకూ వచ్చింది। ఉల్లిపాయలు కాదు।"
ఇంకోదానిలో ఆఖరి పేజీ ఎవరో చింపుకుపోతే
అట్ట లోపల: "పెళ్ళయిపోద్ది। బెంగపడకు।"

ఇంకేం, నాకూ ఒక కేసు దొరికింది.
ఆధారం ఒకటి: వాక్యం చివర చుక్క లేదు, నిలువు గీత.
ఒడియా బడిలో చదివిన చెయ్యి.
అనుమానితులు ఊరంతా, నాతో కలిపి.
నా సరుకుల చీటీలో చింతపండు తర్వాత కూడా అదే గీత.
ఆధారం రెండు: పేజీల మడతల్లో బూడిదరంగు పొడి,
ముక్కు దగ్గర పెడితే కాలిన జుట్టు వాసన.
మూడోది జలజాక్షమ్మ మౌనం.
"ఎవరమ్మా ఇవి తీసికెళ్ళేది?" అంటే
"అందరూనూ" అని అరటిపళ్ళ మీద గోనె కప్పుకుంటుంది.

పాణిగ్రాహిని నాలుగు రోజులు అనుమానించాను.
నర్సు సస్మితని ఒక వారం.

జవాబు తనే నడిచొచ్చింది,
తిరుగు రథం మర్నాడు, జల్లులో.
మీటరు పరుగెడుతోందని అర్జీ, నా కిటికీలోంచి:
"ఇంత కరెంటు నేను కాల్చింది కాదు। ఊరికే అనుమానపడకండి।"

తలెత్తాను.
కొమ్ము పని చేసే పొట్నూరు లింగరాజు.
గేదె కొమ్ములోంచి కొంగని, రొయ్యని తీసే మనిషి.
ఆ మీసాలకి పిల్లలు సందు మారతారు.
గోళ్ళ కింద బూడిద పొడి.

మీటరు చూడమని రాసి, ముద్ర కొట్టాను.
"రాత్రుళ్ళు ఏం చదువుతారు?" అని అడగబోయి
"రాత్రుళ్ళు లైటెక్కువ వేస్తారా?" అన్నాను.
ఆయన చెవులు ఎర్రబడ్డాయి.
"కొంచెం... చెక్కుడు పనుంటాది."

ఆ సాయంత్రం తిరిగిచ్చే పుస్తకంలో
పదకొండో పేజీ తీసి రాశాను:
"తప్పు మీటరుది కాదు। నాకు తెలుసు।"
రాసి, చెరిపేశాను.
ఆ పుస్తకాల ఊళ్ళలో ఎవరూ అంత మాట అనరు.
"పిల్లి ఉన్నది కొత్తగా వచ్చింది। ముందు మీరే తీసికెళ్ళండి।"

తొమ్మిదో రోజున అది నా చేతికొచ్చింది.
నడిమి పేజీల్లో, గుర్తుకని పెట్టి మరిచిపోయినట్టు,
కొమ్ముతో కోసిన పల్చటి పిల్లి,
వెలుగుకి పట్టుకుంటే తేనెరంగు.

పప్పు చల్లారిపోయింది.
ఎవరో కిటికీ తడుతున్నారు, ఒంటిగంటన్నర దాటింది.
ఉండండి బాబూ.
తోటమాలి కాదని మాత్రమే తెలుసు నాకు.